జానెడు వెనక్కి

“నేను వండాననేగా తినట్లేదు?”

అపర్ణ కారియర్ కౌంటర్ మీద పెట్టి ఆ మాట అడిగింది. జవాబు కోసం ఆగకుండా గిన్నెలు విడదీయసాగింది. వేణుమాధవ్ సెల్‌ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. ఎత్తితే మాట్లాడాలి. మాట్లాడితే తినాలి. అలిగి కూర్చున్న మగవాడికి ఈ రెండింట్లో ఏది ముందు చేసినా పరువు తక్కువే.

చెల్లెలు దీపశ్రీ నిశ్చితార్థం అయి వారం తిరగలేదు. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా తీయలేదు. పెళ్లికూతురి అన్నగారు మాత్రం పొద్దున బస్టాండు దగ్గర ఇడ్లీలతో, మధ్యాహ్నం గోళీ సోడాతో కాలక్షేపం చేస్తున్నాడు. కొట్లో పని ఎక్కువగా ఉందని తల్లి రమణమ్మకు చెప్పాడు. పత్తి డబ్బులు ఇంకా రైతు చేతికి రాని ఈ రోజుల్లో నరసరావుపేట బట్టల కొట్లో ఏం పని ఉంటుందో ఆవిడకు తెలియదా? తెలుసు. అందుకే ఇవాళ కారియర్ పనివాడికి ఇవ్వకుండా కోడలి చేతికిచ్చి పంపింది.

నిప్పు రాజేసింది కూడా ఆవిడే, పాపం తెలియక. నిశ్చితార్థం ఫోటోలు అపర్ణ టీవీలో పెట్టి చూపిస్తుంటే, దీపశ్రీ అన్న కాళ్లకు మొక్కే ఫోటో వచ్చింది. ముందు కుర్చీలో వేణుమాధవ్. ఆ కుర్చీ వీపు మీద చేతులానించి, ముందుకు వంగి, కిరణ్ కుమార్. కిరణ్ కుమార్ కనురెప్ప వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. వేణుమాధవ్ ముఖం తడిసిన కాగితంలా అలుక్కుపోయింది. తరవాత ఫోటో అంతే. ఆ తరవాతదీ అంతే.

“ఇదేందమ్మాయ్, మావాడు మసకేసి పోయాడు? ఎనకున్న అబ్బాయి మాత్రం చందమామ లాగా పడ్డాడు” అని నవ్వింది రమణమ్మ. దీపశ్రీ నవ్వింది. అంతా నవ్వారు. నవ్వని వాడు ఒక్కడే.

గుంటూరులో స్టూడియో ఉన్న ఈ కిరణ్ కుమార్ అపర్ణతో కలిసి డిగ్రీ చదివినవాడు. పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఫోటోలు తీయటానికి అపర్ణ ఈమధ్య కొనుక్కున్న పాత డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరా, ఫోకస్ చేత్తో తిప్పి కుదుర్చుకునేది, అతను చూసిపెట్టిందే. పెళ్లికూతుర్ని చేసే గదిలో, గౌరీపూజ దగ్గర, దీపం వెలుతుర్లో ఫ్లాష్ కొట్టకుండా, చప్పుడు కాకుండా తీయాలంటే అలాంటి చిన్న కెమెరా కావాలి, దానికి తక్కువ వెలుతురు చాలే మంచి ఫాస్ట్ లెన్స్ కావాలి. కెమెరా కొంది, లెన్స్ కొనటం మిగిలింది. రెండు తెచ్చి ఇచ్చాడు కిరణ్ కుమార్, ఆ నిశ్చితార్థం రోజునే. వాడి చూసుకుని ఒకటి ఉంచుకో అన్నాడు. రెండోదాన్ని తీసుకుపోవటానికి ఇవాళ మధ్యాహ్నం వస్తానని ఫోన్ చేశాడు. ఆ ఫోన్ ఎత్తింది వేణుమాధవే.

ఇందులో తప్పేముంది అంటే ఏమీ లేదు. కానీ అతను అపర్ణను ‘అపర్ణా’ అంటాడు, ‘నువ్వు’ అంటాడు. పెళ్లై ఇన్నేళ్లయినా వేణుమాధవ్ భార్యను నలుగురిలో పేరు పెట్టి పిలవలేదు. తను దాచుకున్న పేరును ఇంకొకడు వీధిలో చల్లుకుంటూ తిరుగుతున్నట్టు ఉంటుంది అతనికి. ఒళ్లు మండుతుంది. అసూయ అంటే ఇదేనని తెలుసు కూడా. తెలిసినంత మాత్రాన చల్లారితే ఇక కావాల్సిందేముంది?

ఫోటోలు చూసిన రోజే గదిలో నిలదీశాడు. తప్పు తనది కాదు, ఆ లెన్స్ ఫోకస్ వెనక్కి పడుతోంది అంది అపర్ణ. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేతకు అన్నట్టే వినిపించింది అతనికి. లెన్స్‌కు కిరణ్ కుమార్ అంటే అంత ఇష్టమేమిటి అని అడిగాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. లెన్స్ బాగానే ఉందని తేలిందంటే మాచర్ల బస్సు ఎక్కిస్తానన్నాడు. మాచర్ల ఆమె పుట్టిల్లు.

“లెన్స్ తప్పే అని తేలితే?” అంది అపర్ణ అప్పుడు.

అప్పట్నించే ఈ ఇడ్లీలూ, ఈ సోడాలూ.

ఇప్పుడు కారియర్ పక్కనే కెమెరా సంచి కూడా పెట్టింది. మామగారు కోటిలింగం గారు మేడ మీద కునుకు తీస్తున్నారు. పనివాళ్లు భోజనాలకు పోయారు. కొట్టు షట్టర్ సగానికి దించి ఉంది. కొట్టు లోపల ఫాస్ట్ లెన్స్‌కు సరిపడా చీకటి ఉంది.

“ఏది ఇచ్చేస్తన్నావు?” అన్నాడు వేణుమాధవ్, ఫోన్‌ను చూస్తూనే.

“అది తేల్చుకోటానికే వచ్చా. దాంతోబాటు ఇంకోటి కూడా తేలాలిగా. మీటరు బద్ద ఇయ్యండి.”

సంచిలోంచి లెన్సులు రెండూ తీసింది. ఒకటి బొద్దుగా, నోరంతా అద్దంతో, చేతిలో పెడితే తులం బంగారంలా కాదు, తూకం రాయిలా ఉంది. అది వన్ పాయింట్ ఫోర్. రెండోది సన్నగా, సగం బరువు కూడా లేకుండా ఉంది. అది టూ. నెంబరు తగ్గేకొద్దీ నోరు పెద్దది, వెలుతురు ఎక్కువ మింగుతుంది, ధరా ఎక్కువే. నెంబరు తగ్గితే ధర పెరిగే వ్యాపారం వేణుమాధవ్ పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం. అయినా ఈ నాలుగు రోజుల్లో సెల్‌ఫోన్‌లో లెన్సుల వీడియోలు చూసీ చూసీ అతనికి చాలానే వచ్చింది. పెళ్లాం మీద నేరం రుజువు చేయటానికి చదివినంత శ్రద్ధగా డిగ్రీ చదివుంటే ఒక సబ్జెక్టు మిగిలిపోయేది కాదు.

మీటరు బద్దను కౌంటర్ మీద ఏటవాలుగా అతనే పెట్టాడు. ఆమె పెడితే ఏ మోసం చేస్తుందోనని. బొద్దు లెన్స్ బిగించి, యాభై మీద ఫోకస్ పెట్టి చూపించబోతే, ఇటివ్వు, నేను చూస్తానన్నాడు. ఆమె ఇచ్చింది. కెమెరా కిటికీలో నడిమధ్య చిన్న పసుప్పచ్చ చదరం. అందులో యాభై అంకె రెండుగా కనిపించింది. లెన్స్ రింగు తిప్పుతుంటే రెండు యాభైలూ దగ్గరకొచ్చి ఒకటైపోయాయి. రెండు ఒకటైన చోటే ఫోకస్ అని ఆమె చెప్పింది. నొక్కాడు.

తెర మీద పెద్దది చేసి చూస్తే యాభై కొంచెం అలుక్కుపోయింది. దాని వెనక యాభై మూడు, యాభై నాలుగు మధ్య గీతలు సూదిమొనల్లా ఉన్నాయి.

“చూశారుగా, ఎనక్కి పడింది” అంది అపర్ణ.

“ఎంత పడింది? రెండు వేళ్ల మందం. వాడి మొహం నా మొహానికి జానెడు ఎనకుంది. రెండు వేళ్లు తప్పే లెన్స్ జానెడు ఎట్టా తప్పుద్ది?”

బట్టల వ్యాపారి. కొలతలో అతన్ని మోసం చేయటం కష్టం. గెలిచాడు. గెలిచినవాడు సంతోషించాలి కదా? సంతోషం రాలేదు. మాచర్ల బస్సు మాట తనే అన్నాడు. ఆ మాటను ఇప్పుడు నిలబెట్టుకోవాలా? ఆమె ఏడిస్తే బాగుండునని, కాళ్లావేళ్లా పడితే క్షమించి పడేయొచ్చునని అతని ఆశ. ఆమె ఏడవలేదు.

“రెండు బారల అవతల్నించి తీశాను ఆ రోజు. ఇంత దగ్గర్నించి కాదు. దూరం పోయేకొద్దీ తప్పు పెరుగుద్ది. తాన్లు తీయండి.”

తాన్లు కూడా అతనే తీశాడు. షర్టింగు తాన్లు, ధర చీటీలు ఇటు కనిపించేలా, షట్టర్ పక్క నేల మీద ఒకదాని వెనక ఒకటి, కాస్త పక్కకు జరుపుతూ నిలబెట్టాడు. ప్రతి తానుకూ మధ్య జానెడు ఎడం, స్వయంగా తన జానతో కొలిచి. ఆమె కొట్టు ఆ చివరకు పోయి మోకాళ్ల మీద కూర్చుంది. నడిమి తాను చీటీ మీద ఫోకస్ పెట్టి నొక్కింది. తెచ్చి చూపించింది.

నడిమి తాను చీటీ మసక. దాని వెనక తాను మీద ధర, ధర కింద తండ్రి పెన్సిల్‌తో రాసిన గుర్తు, చీటీకి గుచ్చిన గుండుసూది తల, అన్నీ కనిపిస్తున్నాయి.

వేణుమాధవ్ మళ్లీ తీయమన్నాడు. మళ్లీ అంతే. తనే కెమెరా పుచ్చుకుని ఆ చివరకు పోయి, ఊపిరి బిగబట్టి, రెండు చీటీలూ ఒకటయ్యేదాకా రింగు తిప్పి నొక్కాడు. మళ్లీ వెనక తానే. సన్న లెన్స్ పెట్టి తీస్తే అనుకున్న తానే అనుకున్నట్టు పడింది. దగ్గర్నించి తీసినా అంతే, దూరం నించి తీసినా అంతే. బొద్దు లెన్స్‌కూ ఈ కెమెరాకూ పొత్తు కుదరలేదు, అంతకు మించి ఏం లేదు అంది అపర్ణ.

అతనికి గుండెల మీంచి తాన్ల మూట దించినట్టయింది. ముఖంలోకి రక్తం వచ్చింది. గబగబా చేతులు కడుక్కొచ్చి కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చున్నాడు. గోంగూర పచ్చడి, దోసకాయ పప్పు, ఊరమిరపకాయలు. నాలుగు రోజుల ఆకలి. ముద్దకూ ముద్దకూ మధ్య క్షమాపణ లాంటిది ఒకటి చెప్పుకున్నాడు. ఏదో అన్నాలే, నోరు జారింది, మనసులో పెట్టుకోకు, పప్పులో ఉప్పు సరిగ్గా సరిపోయింది, ఇంకా అలాంటివే. మొగుడి క్షమాపణలో సగం ఎప్పుడూ వంటను మెచ్చుకోవటమే. అపర్ణ తాన్లు ఎత్తి అరలో సర్దుతూ, ఊఁ కొట్టింది.

“ఆ లావుది వాడి మొహాన కొట్టు. సన్నది ఉంచుకో” అన్నాడు ఉదారంగా.

అక్కడితో ఆగాల్సినవాడు. కానీ వ్యాపారి బుర్ర, తిన్నకొద్దీ చురుగ్గా పని చేస్తుంది. ఒకే తానులో రెండు రంగులు కనిపిస్తే అతను వదలడు. నిశ్చితార్థం రోజంతా ఆమె వాడింది బొద్దు లెన్సే. అమ్మ ఫోటో బాగా పడింది. దీపశ్రీ ఫోటోలు ఒక్కటీ చెడలేదు, ముక్కుపుడక రాళ్లు కూడా మెరుస్తున్నాయి. అదే ఇల్లు, అదే లెన్స్, అంతే దూరం.

“మరి అమ్మదీ, దీపదీ ఎట్టా బాగా పడినయ్యి?”

అపర్ణ చేతిలో తాను అరలోకి వెళ్లటం ఆగింది. అతని వైపు తిరగలేదు.

మొదటి ఫోటోకే తెలిసిపోయిందని చెప్పింది. మామగారిది తీసి చూసుకుంటే ఆయన మసగ్గా, వెనక గోడ మీద క్యాలెండరు స్పష్టంగా పడిందట. లెన్స్ మార్చే వ్యవధి లేదు, అవతల తాంబూలాలు మార్చుకుంటున్నారు. అందుకని ఒక ఉపాయం చేసింది. ఫోకస్ పెట్టాక, కెమెరా కంటికి ఉంచుకునే, నడుం పైభాగం జానెడు వెనక్కి వాల్చి, అప్పుడు నొక్కింది. మనిషి వెనక్కి వాలితే ఫోకస్ కూడా జానెడు వెనక్కి వచ్చి సరైన ముఖం మీద పడుతుంది.

వేణుమాధవ్‌కు గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె ప్రతి ఫోటోకూ ముందు ఒక్క క్షణం వెనక్కి ఊగటం అతను చూశాడు. చూసి మండిపడ్డాడు కూడా. కిరణ్ కుమార్ చూస్తున్నాడని ఒయ్యారం పోతోందనుకున్నాడు. అమ్మను తీస్తూ ఊగింది. దీపశ్రీని తీస్తూ ఊగింది. వియ్యపురాలిని తీస్తూ ఊగింది.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“నా దగ్గరికొచ్చేతలికి ఎందుకు వాలలా?”

ఆమె చేతిలో తానును అరలోకి తోసింది.

“తప్పని తెలుసు. సరిచేయటం తెలుసు. ఊరందరికీ సరిచేశావు. నాకు మాత్రం చేయలా. అంటే వాడి మొహం బాగా పడాలనేగా? తెలిసే తీశావుగా?”

లెన్స్ నిర్దోషి అయితే ఆమె మీద ఉత్త అనుమానమే ఉండేది. లెన్స్ దోషి అని తేలాక అది అనుమానం కాకుండా పోయింది. తన చేత్తో తనే కొలిచి, తాన్లు పేర్చి, రుజువు తెచ్చుకున్నాడు. అనుమానం పెనుభూతం అంటారు గానీ, అంతకన్నా పెద్దది నిజం లాగా కనిపించేది. అన్నం గిన్నె పక్కకు నెట్టాడు. గోంగూర నూనె కౌంటర్ మీద ఒలికింది. ఆమె గుడ్డముక్క తీసి తుడిచింది. తుడిచినచోటే మళ్లీ తుడిచింది.

“వాలాను” అంది చివరికి. “ఒక్కసారి. మిమ్మల్ని మొదట తీసినప్పుడు. అది టీవీలో పెట్టలా.”

కెమెరా తీసుకుని, చాలా వెనక్కి పోయి, ఒక ఫోటో దగ్గర ఆగి అతని ముందు పెట్టింది. తను చూడలేదు. చూడక్కర్లేదన్నట్టు కారియర్ మూతలు పెట్టుకుంటోంది.

అది కూడా దీపశ్రీ కాళ్లకు మొక్కిన క్షణమే. ఈసారి వెనక కిరణ్ కుమార్ మసగ్గా ఉన్నాడు, ఎవరైనా కావచ్చు. ముందు వేణుమాధవ్ స్పష్టంగా ఉన్నాడు. పళ్లు బిగించుకుని, దవడ పక్కకు తిరిగి, కళ్లల్లో కారం కొట్టినట్టు, కెమెరా వంక, అంటే భార్య వంక, చూస్తున్నాడు. ఒడిలో కుడిచెయ్యి పిడికిలి బిగిసి ఉంది. వేళ్ల సందుల్లో పసుపు అక్షింతలు. కింద చెల్లెలు తల వంచుకుని, ఆశీర్వాదం తల మీద పడుతుందని కాచుకుని ఉంది.

అక్షింతలు వేశాడా ఆ రోజు? గుర్తు చేసుకున్నాడు. గుర్తు రాలేదు. ఆ రోజు చేతులు కడుక్కున్నప్పుడు అరచేతికి పసుపు అంటుకుని ఉండటం మాత్రం గుర్తొచ్చింది.

“దీప చూసిందా?” అన్నాడు.

“తలొంచుకుని ఉందిగా. చూళ్లా. లేచి అన్నయ్య దీవించాడనే అనుకుంది.” అపర్ణ కారియర్ గడియ వేసింది. “మగపెళ్లోళ్లు ఫోటోలన్నీ పంపమంటన్నారు. అత్తయ్యకి ఫ్రేము కట్టించుకోవాలని ఉంది. మసగ్గా ఉంటే ఒకసారి నవ్వి ఊరుకుంటారు. ఇది చూస్తే ఎవరన్నా నవ్వుతారా? మీ మొహం తీరు మారుద్దేమోనని ఇంకా నాలుగుసార్లు కెమెరా ఎత్తి చూశా. మారలా. అందుకని వాలకుండానే నొక్కా.”

సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది. తనను నలుగురి నవ్వులపాలు చేసిందనుకున్నాడు, ఆమె నలుగురి కళ్ల నించి తనను దాచింది. ఆ మాట అనాలి. నోరు తెరిచాడు కూడా. కానీ అసూయ అంత తేలిగ్గా దిగే జ్వరమా? నోట్లోంచి వచ్చింది వేరే మాట.

“అయితే మాత్రం, వాడి మొహం అంత బాగా పడతంటే నీకేం అనిపించలా?”

అపర్ణ అతని వంక చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఇందాక తుడిచిన మరక మళ్లీ పైకి తేలితే చూసినట్టు చూసింది.

బయట మోటార్ సైకిల్ ఆగింది. సగం దించిన షట్టర్ కింద నల్ల బూట్లు కనిపించాయి. ఇనుప రేకు మీద వేళ్లతో తట్టిన చప్పుడు.

“అపర్ణా, ఉన్నావా లోపల?”

ఆ పేరు వినగానే వేణుమాధవ్ లోపల ఏదో బిగుసుకుంది. అలవాటైన చోటే, అలవాటైనట్టే. దవడ దానంతట అదే పక్కకు తిరుగుతోందేమో అతనికి తెలియదు. ఎవరి ముఖం వాళ్లకు కనిపించదు కదా.

అపర్ణ బొద్దు లెన్స్‌ను దాని చిన్న సంచిలో వేసి కౌంటర్ మీద అతని వైపు జరిపింది. సన్న లెన్స్ కెమెరాకు బిగించింది. తప్పు పడని లెన్స్. వాలక్కర్లేదు, దాచటానికీ వీల్లేదు.

“ఇది మీరే ఇయ్యండి ఆయనకి. షట్టర్ ఎత్తి, పలకరించి, నవ్వుతూ ఇయ్యండి. ఆ ఫోటో బాగా పడితే మగపెళ్లోళ్లకి మీ ఫోటోగా అదే పంపుతా. పడకపోతే…”

ఆపింది. గోడకు తగిలించి ఉన్న క్యాలెండరు మీద మాచర్ల బస్సు టైముల వంక చూసి, కెమెరా కంటికి ఆనించుకుంది.

వేణుమాధవ్ లెన్స్ సంచి ఒక చేత్తో పట్టుకుని షట్టర్ దగ్గరకు నడిచాడు. వంగి, రెండో చెయ్యి పిడి మీద వేశాడు. నవ్వాలి. నవ్వాననే అనుకున్నాడు. వెనక నించి, రింగు మెల్లగా తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

షట్టర్ పైకి లేచింది. వెలుతురు తిన్నగా అతని ముఖం మీద పడింది.

“ఇటు తిరగండి” అంది అపర్ణ.